కలల కార్లు, కలత పెట్టిన కార్లు

మన సంఘం సమావేశాలలో భోజనాలు ముగిసి, పిల్లల నృత్య ప్రదర్శన ఆరంభం కావడానికి ఇంకా కొంత వ్యవధి ఉన్నప్పుడు, బల్లల చుట్టూ చేరినవారి నడుమ రెండు ప్రశ్నలు తరచుగా తలెత్తుతుంటాయి. లాటరీ తగిలితే ఏయే కార్లు కొని ఇంటి ముందు వరుసగా నిలుపుకోవాలి అన్నది మొదటి ప్రశ్న. ఇంతవరకు నడిపిన కార్లలో పరమ నికృష్టమైనది ఏది అన్నది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్నకు ఒకరు బుగాటీ అంటారు, మరొకరు రోల్స్ రాయిస్ అంటారు. రెండవ ప్రశ్నకు వచ్చే సమాధానాలు ఇంతకంటే రసవత్తరంగా ఉంటాయి. "మా నాన్నగారి పాత కారులో హారను తప్ప అన్నీ మోగేవి" అని ఒకరంటే, "నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో కొన్న కారు ఆగాలంటే ముందు వీధిలోనే బ్రేకు తొక్కాలి" అని మరొకరు అందుకుంటారు.

ఈ సంభాషణలలో ఒక చిత్రం గమనించాను. కలల కారును ఎంచేటప్పుడు మనం వేగం, సొగసు, ధర చూస్తాం. నికృష్టమైన కారును ఎంచేటప్పుడు అది మనకు కలిగించిన ఇబ్బందిని చూస్తాం. రెండు లెక్కలలోనూ మనం ఉన్నాం, మన కారు ఉంది. మూడవ మనిషి లేడు. ఆ కారు కొననివాడు, ఎక్కనివాడు, కేవలం అది పోయే వీధిలో నిలబడినవాడు ఒకడున్నాడు. అతని మాట ఎవరూ ఎత్తరు. రసాయన శాస్త్రం వృత్తిగా గల నాకు ఆ లెక్క అసంపూర్తిగా తోస్తుంది. కారు పైకి యంత్రమే కాని, లోపల ఇనుము, రబ్బరు, పెట్రోలు, గంధకికామ్లం వంటి పదార్థాలు గాలితోను, నీటితోను నిరంతరం చర్య జరుపుతుండే ఒక ప్రయోగశాల. అందుచేత ఈ వ్యాసంలో కొన్ని ప్రసిద్ధమైన కలల కార్లను, కొన్ని అపకీర్తి పాలైన కార్లను మూడు ప్రశ్నలతో పరీక్షిద్దాం. ఆ కారు మన్నుతుందా? ఎక్కినవారిని కాపాడుతుందా? ఎక్కనివారిని ఏమి చేస్తుంది?

కదలని కార్ల కొలువు

కలల కార్లన్నీ ఒక్కచోట చేరితే ఎలా ఉంటుందో చూడదలచినవారు ఫ్రాన్సు దేశపు తూర్పు అంచున ఉన్న ములూజ్ పట్టణానికి వెళ్ళాలి. అక్కడ హాన్స్ ష్లుంఫ్, ఫ్రిట్జ్ ష్లుంఫ్ అనే సోదరులు ఉన్ని నూలు మిల్లుల యజమానులు. వారు ఏళ్ళ తరబడి గుట్టుగా నాలుగు వందలకు పైగా కార్లను సేకరించారు. అందులో బుగాటీలే నూరుకు మించి ఉన్నాయి. బుగాటీ రాయల్ అనే మహాశకటాలు రెండు ఉన్నాయి. రాయల్ ఇంజను ఘనపరిమాణం సుమారు 12.7 లీటర్లు, మనలో చాలామంది నడిపే కారు ఇంజనుకు ఇది ఐదారు రెట్లు. రాజులకు అమ్మాలని తలపెట్టి తయారు చేసిన ఈ కార్లు, ఆర్థిక మాంద్యం కారణంగా బయటివారికి అమ్ముడుపోయినవి మూడే. మిగిలిన ఇంజన్లను చివరకు రైలు బోగీలకు అమర్చారు.

1970 దశకంలో ష్లుంఫ్ సోదరుల మిల్లులు దివాలా తీశాయి. సోదరులు సరిహద్దు దాటి స్విట్జర్లండుకు వెళ్ళిపోయారు. 1977లో కార్మికులు ఆ భవనంలోకి ప్రవేశించి చూస్తే, తమ జీతాలకు లేని సొమ్ము ఏ రూపంలో మెరుస్తున్నదో వారికి కనిపించింది. వారు దానిని స్వాధీనం చేసుకొని ప్రజలకు చూపించారు. 1982లో అది మ్యూజియంగా రూపొందింది. ఆ కార్ల సౌందర్యం కాదనలేనిది. అయితే వాటి వెల ఎవరు చెల్లించారన్న ప్రశ్న అక్కడి గోడలకు అంటుకునే ఉంది.

మన హైదరాబాదులోను ఇటువంటి కలల కారు ఒకటి ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకున్న రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అది. పసుపు వన్నె, వెనుక సింహాసనం వంటి ఆసనం. కారు సిద్ధమయ్యే లోపునే, 1911లో, నిజాం కాలధర్మం చెందారు. ఉత్సవాలకు మాత్రమే బయటికి తీసిన ఆ కారు తన జీవితంలో తిరిగిన దూరం బహు స్వల్పం. నేడు చౌమహల్లా ప్రాసాదంలో దానిని చూడవచ్చు.

తిరగని కారు చెడదని చాలామంది అనుకుంటారు. రసాయన శాస్త్రం అందుకు అంగీకరించదు. నిలిచిన కారులో నాలుగు చర్యలు మౌనంగా సాగుతుంటాయి. మొదటిది, బ్యాటరీ క్రమంగా ఖాళీ అవుతూ, అందులోని సీసపు పలకలపై సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఆ స్ఫటికాలు మళ్ళీ కరగడం కష్టం. రెండవది, పెట్రోలులోని కొన్ని అణువులు ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారి సన్నని గొట్టాలను మూసివేస్తాయి. మూడవది, బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ దాని మరుగు స్థానం తగ్గుతుంది. నాలుగవది, గాలిలో అతి స్వల్పంగా ఉండే ఓజోను వాయువు టైరు రబ్బరు అణువులలోని జంట బంధాలను తెంచుతుంది. టైరులో ఇందుకు విరుగుడుగా మైనం, మరికొన్ని రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉన్నప్పుడు అవి పైకి ఊరి రక్షక పొరగా ఏర్పడతాయి. నిలిచిన టైరులో ఆ ఊట తగ్గి పగుళ్ళు వస్తాయి.

కనుక సెలవులకు నెల రోజులు మాతృదేశం వెళ్ళే మిత్రులకు ఒక మనవి. ట్యాంకు నింపండి, టైర్లలో గాలి సరిచూడండి, నమ్మకమైన స్నేహితునికి తాళం ఇచ్చి వారానికొకసారి అరగంట సేపు రోడ్డు మీద నడిపించండి. మూసిన గ్యారేజీలో ఇంజను ఊరికే తిప్పి ఉంచడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, దయ అంతకన్నా లేదు.

తుప్పు చెప్పే కథ

నేను విద్యార్థిగా ఉత్తరాదిన మంచు కురిసే రాష్ట్రంలో ఉన్నప్పుడు ఎనిమిది వందల డాలర్లకు ఒక పాత కారు కొన్నాను. తయారీదారు పేరు ఇక్కడ అప్రస్తుతం. కొన్న రెండవ నెలలో ఒకనాడు కాళ్ళకింది చాప తడిసి ఉంటే ఎత్తి చూశాను. చాప కింద నేల లేదు, రోడ్డు ఉంది. చిల్లు అరచేయంత. ఆ చలికాలమంతా ఒక వంటింటి పళ్ళాన్ని దానిపై పరచి నడిపాను. కాలేజీలో విద్యుద్రసాయన శాస్త్రం చదివిన నాకు ఆ పాఠం నిజంగా అర్థమైనది ఆ పళ్ళెం పరచిన నాడే.

ఇనుము ప్రకృతిలో లోహంగా దొరకదు; ఆక్సైడుగా దొరుకుతుంది. బొగ్గుతో కాల్చి, ఎంతో శక్తి వెచ్చించి దానినుండి లోహాన్ని రాబడతాము. అవకాశం చిక్కిన ప్రతిసారీ ఇనుము తన పూర్వరూపానికి మళ్ళిపోవాలని చూస్తుంది. తుప్పు అంటే ఇనుము పుట్టింటికి వెళ్ళడమే. ఇనుప రేకుపై ఒకచోట పరమాణువులు ఎలక్ట్రాన్లను వదలిపెడతాయి. మరొకచోట ఆక్సిజన్ వాటిని స్వీకరిస్తుంది. ఈ రెండు చోట్లను కలిపే వంతెన నీరు. ఆ నీటిలో ఉప్పు కరిగితే విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది, చర్య వేగం పుంజుకుంటుంది. అమెరికా రోడ్లపై మంచు కరిగించడానికి ఏటా చల్లే ఉప్పు సుమారు 2 కోట్ల టన్నులు. పైగా అల్యూమినియం ఆక్సైడు తన లోహాన్ని కవచంలా అంటిపెట్టుకుంటుంది. ఇనుప తుప్పు అలా కాదు, ఉబ్బి, పొరలుగా ఊడి, కింది లోహాన్ని మళ్ళీ గాలికి అప్పగిస్తుంది.

తుప్పు వలన చెడ్డపేరు తెచ్చుకున్న కార్లలో షెవ్రొలే వేగా ముఖ్యమైనది. 1971 సంవత్సరపు నమూనాగా వెలువడిన ఈ చిన్న కారుకు మోటర్ ట్రెండ్ పత్రిక ఆ ఏటి ఉత్తమ కారు అన్న గౌరవం ఇచ్చింది. దాని ఇంజను దిమ్మ నూటికి 17 పాళ్ళు సిలికాన్ కలిసిన అల్యూమినియం మిశ్రమ లోహంతో పోసినది. సిలిండర్లకు ఇనుప తొడుగులు అక్కరలేదన్నది అందులోని నవీనత. ఆలోచన గొప్పదే. కాని ఇంజను మితిమీరి వేడెక్కినప్పుడు సిలిండర్లు వంకరపోయి నూనె తాగేవి. మరోవైపు ముందు మడ్‌గార్డుల లోపలి మూలలకు తుప్పు నిరోధక పూత సరిగా అందక, కొద్ది చలికాలాలకే అవి తినివేయబడ్డాయి. ప్రయోగశాలలో నెగ్గిన లోహం వీధిలో ఓడిపోయింది. 1977తో వేగా ఉత్పత్తి ఆగింది.

ఆ అనుభవాల నుండి పరిశ్రమ పాఠం నేర్చుకుంది. జింకు పూత పూసిన ఉక్కు రేకు, విద్యుత్తు సహాయంతో మూలమూలలకు రంగు పట్టించే తొట్టి స్నానం క్రమంగా అంతటా వచ్చాయి. జింకు పూతలోని కిటుకు ఏమిటంటే, పూతపై గీత పడినా జింకు తాను ముందుగా కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. ఇంటికి పెద్దకొడుకు వంటిది జింకు.

ఇదే అధ్యాయంలో ఒక కలల కారు కూడా ఉంది. డిలోరియన్. ఉత్తర ఐర్లండులో 1981, 1982 సంవత్సరాలలో సుమారు తొమ్మిది వేలు తయారయ్యాయి. 1985లో వచ్చిన బ్యాక్ టు ద ఫ్యూచర్ చలనచిత్రం వలన అది లోకప్రసిద్ధమైంది. రెక్కల వలె పైకి తెరుచుకునే తలుపులు, రంగు వేయని స్టెయిన్‌లెస్ స్టీలు దేహం. ఆ ఉక్కులో క్రోమియం నూటికి 18 పాళ్ళు, నికెలు 8 పాళ్ళు ఉంటాయి. మన వంటింటి డబ్బాల లోహమూ దాదాపు ఇదే. క్రోమియం ఆక్సైడు పొర కంటికి కనిపించనంత పలుచన. గీత పడితే క్షణంలో మళ్ళీ ఏర్పడుతుంది. కాని ఈ మెరిసే దేహం కింద బరువు మోసే చట్రం మాత్రం మామూలు ఉక్కు, పైన ఎపాక్సీ పూత. పూత పగిలిన చోట తేమ దూరితే చట్రం లోలోపల తుప్పు పడుతుంది. పైది శాశ్వతం, కిందిది సామాన్యం. పాత డిలోరియన్ కొనదలచినవారు తలుపులు కాక, నేలపై పడుకొని అడుగుభాగం చూడాలని చెప్పడం ఇందుకే.

తుప్పు పట్టని కారు

తుప్పే అసలు శత్రువైతే, తుప్పు పట్టని పదార్థంతో కారు చేయవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. తూర్పు జర్మనీవారు చేశారు. దాని పేరు ట్రబాంట్. ఉక్కు కొరత గల ఆ దేశంలో, ష్విక్కావ్ నగరంలో, 1957 నుండి 1991 వరకు సుమారు 30 లక్షల ట్రబాంట్లు తయారయ్యాయి. లోపలి నిర్మాణం ఉక్కుదే కాని పైరేకులు డ్యూరోప్లాస్ట్ అనే పదార్థంతో చేశారు. నూలు మిల్లులలో మిగిలిన పత్తి పీచును ఫినాల్ జాతి రెజినుతో తడిపి, వేడి అచ్చులో నొక్కితే అది గట్టిపడుతుంది. ఇంటిలోని పాత బేకలైటు స్విచ్చులకు ఇది దగ్గరి చుట్టం. ఒకసారి గట్టిపడిన ఈ పదార్థం వేడి చేసినా కరగదు. రెజిను అణువులు వల వలె ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. కనుక తుప్పు లేదు. కరిగించి మళ్ళీ వాడుకునే వీలు కూడా లేదు. వాడి పారవేసిన ట్రబాంట్ దేహాలను ఏమి చేయాలన్నది పెద్ద సమస్య అయింది.

మన్నికలో నెగ్గిన ఈ కారు తక్కిన రెండు ప్రశ్నలలో తప్పింది. పెట్రోలు ట్యాంకు ముందువైపు ఇంజను పక్కనే, ప్రయాణికుల మోకాళ్ళకు ఎదురుగా ఉండేది. రెండు సిలిండర్ల, రెండు స్ట్రోకుల ఇంజనుకు ప్రత్యేకంగా నూనె గది లేదు. మన పాత స్కూటర్ల వలె పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. ఆ నూనెలో కొంత కాలకుండానే బయటికి వచ్చి వీధులను నీలి పొగతో నింపేది. అయినా దానికోసం జనం పదేళ్ళకు పైగా ఎదురుచూసేవారు. కారుకు పేరు రాసి ఏళ్ళ తరబడి వేచి ఉండడం మన పెద్దలకు తెలియని అనుభవం కాదు. 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకున్నప్పుడు ఆ నీలి పొగతోనే కుటుంబాలు పడమటికి వచ్చాయి. వారికి అది నికృష్టమైన కారు కాదు, స్వేచ్ఛా రథం. కారు మంచిచెడ్డలు ఎవరు చెబుతున్నారన్న దానిపై ఎంతగా ఆధారపడతాయో దీనివలన తెలుస్తుంది.

తెలిసి చేసిన తప్పు

రెండవ ప్రశ్నకు, అనగా ఎక్కినవారి రక్షణకు, ఫోర్డ్ పింటో అందరూ చెప్పుకునే ఉదాహరణ. ఇదీ 1971 నమూనాయే. పెట్రోలు ట్యాంకు వెనుక ఇరుసుకు, వెనుక బంపరుకు మధ్య ఉండేది. ఆ కాలపు ఇతర చిన్న కార్లలోను అంతే. వెనుకనుండి మరొక వాహనం ఢీకొంటే ట్యాంకు ముందుకు జరిగి, ఇరుసు వద్ద పొడుచుకువచ్చిన బోల్టులకు తగిలి చిరిగే ప్రమాదం ఉండేది. నింపే గొట్టం ఊడిపోయే ప్రమాదమూ ఉండేది. పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరిగా మండుతుంది. చిందిన పెట్రోలు చలికాలంలో కూడా క్షణాలలో మండగల ఆవిరినిస్తుంది. తరువాత ఒక్క నిప్పురవ్వ చాలు. కంపెనీ స్వయంగా జరిపిన పరీక్షలలో ఈ బలహీనత కనిపించిందని, కొద్ది డాలర్ల ఖర్చుతో సరిచేసే మార్గాలు కూడా అప్పుడే తెలుసునని కాలిఫోర్నియా న్యాయస్థానంలో రుజువైంది. 1978లో సుమారు 15 లక్షల వాహనాలను వెనక్కు పిలిపించారు. చేసిన మరమ్మతు ఏమిటంటే, ట్యాంకుకు పాలిఎథిలీన్ పలకల అడ్డు, నింపే గొట్టం కొంత పొడవు. మన ఇళ్ళలోని ప్లాస్టిక్ బకెట్ల పదార్థమే ఆ పాలిఎథిలీన్. ఇక్కడ లోపించినది శాస్త్రజ్ఞానం కాదు.

అందమైన కార్ల అదృశ్య విషం

ఇంతవరకు చెప్పిన కార్లన్నీ తమను కొన్నవారిని, ఎక్కినవారిని బాధించినవి. ఇక మూడవ ప్రశ్న. ఇందులో ఒక్క కారు కాక, రమారమి అర్ధ శతాబ్దపు కార్లన్నీ దోషులుగా నిలుస్తాయి. మ్యూజియంలలో మనం ముచ్చటపడి ఫొటోలు తీసుకునే 1950ల నాటి, తోకలపై రెక్కలు గల పొడవాటి కార్లు సైతం అందులో ఉన్నాయి.

ఇంజను సిలిండరులో పెట్రోలు ఆవిరిని, గాలిని బాగా అదిమి వెలిగిస్తేనే శక్తి ఎక్కువ వస్తుంది. కాని మరీ అదిమితే మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తాను పేలుతుంది. అప్పుడు ఇంజనులో టకటకమని చప్పుడు వస్తుంది, ఇంజను దెబ్బతింటుంది. దీనినే నాకింగ్ అంటారు. 1921 డిసెంబరులో జనరల్ మోటర్స్ పరిశోధనాలయంలో థామస్ మిడ్జ్లీ ఇందుకు ఒక మందు కనిపెట్టాడు. పేరు టెట్రాఇథైల్ లెడ్. ఒక సీసపు పరమాణువు చుట్టూ నాలుగు ఇథైల్ సమూహాలు. గాలను పెట్రోలులో కొన్ని గ్రాములు కలిపితే చాలు, చప్పుడు ఆగిపోతుంది. మద్యసారం కలిపినా ఇదే ఫలితం వస్తుందని అప్పటికే తెలుసు. కాని మద్యసారంపై ఎవరికీ పేటెంటు హక్కు రాదు. 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో దీని అమ్మకం మొదలైంది. అమ్మకపు పేరు ఇథైల్. ఆ పేరులో సీసం అన్న మాట లేదు.

సీసం విషమని రోమనుల కాలంనుండి తెలిసినదే. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే శుద్ధి కర్మాగారంలో ఈ మందు తయారుచేసే కార్మికులు మతి చలించి, బంధించవలసిన స్థితికి చేరారు, ఐదుగురు మరణించారు. ఆ నెలాఖరులో మిడ్జ్లీ విలేఖరుల ఎదుట ఆ ద్రవంతో చేతులు కడుక్కొని, వాసన చూసి, భయం లేదని చెప్పాడు. అంతకు ముందు ఏడాదే ఆయన స్వయంగా సీసపు విషానికి విశ్రాంతి తీసుకొని ఉన్నాడు. పారిశ్రామిక వైద్యంలో మేటి అయిన ఆలిస్ హామిల్టన్ 1925లో జరిగిన సమావేశంలో దీనిని తీవ్రంగా వ్యతిరేకించింది. ఆమె మాట నెగ్గలేదు. మరుసటి ఏడు అమ్మకాలు మళ్ళీ సాగాయి.

చిన్న లెక్క ఒకటి వేద్దాం. గాలను పెట్రోలులో 2 గ్రాముల సీసం ఉందనుకుందాం. అమెరికాలో 1960లలో ఇంతకు కొంచెం ఎక్కువే ఉండేది. గాలనుకు 15 మైళ్ళ చొప్పున ఏడాదికి 10,000 మైళ్ళు నడిచే కారు సుమారు 670 గాలన్లు తాగుతుంది. అందులోని సీసం 1,300 గ్రాములకు పైమాటే. నాలుగింట మూడు వంతులు పొగగొట్టం ద్వారా బయటికి పోయిందనుకున్నా, ఒక్కొక్క కారు ఏటా దాదాపు ఒక కిలో సీసపు ధూళిని వీధిలో చల్లిందన్నమాట. కాలిన చెత్త మాయమవుతుంది, ఎండిన ఆకు మట్టిలో కలుస్తుంది. సీసం మూలకం, అది విచ్ఛిన్నం కాదు. శరీరం దానిని కాల్షియంగా పొరబడి ఎముకలలో దాచుకుంటుంది; దశాబ్దాల తరబడి దాస్తుంది. ఎదిగే పిల్లల మెదడులో నాడీకణాల నడుమ సంకేతాలకు అడ్డుపడి గ్రహణశక్తిని తగ్గిస్తుంది. ఇంత మోతాదు వరకు క్షేమం అని చెప్పదగిన హద్దు ఏదీ దీనికి కనబడలేదు.

దీనిని బయటపెట్టినవాడు కార్లతో ఏమాత్రం సంబంధం లేని శాస్త్రజ్ఞుడు. క్లెయిర్ ప్యాటర్సన్ అనే భూరసాయన శాస్త్రజ్ఞుడు ఉల్కాశిలలలోని సీసపు ఐసోటోపులను కొలిచి, భూమి వయస్సు 455 కోట్ల సంవత్సరాలని 1956లో ప్రకటించాడు. ఆ కొలతకు అడుగడుగునా అడ్డుతగిలినది ఒక్కటే. ఎంత శుభ్రం చేసినా ప్రయోగశాల గాలిలో, నీటిలో, తన చేతిపై, ప్రతిచోటా సీసం. అది ఎక్కడినుండి వస్తున్నదని వెదికితే, సముద్రపు పైనీటిలో అడుగు నీటికంటే సీసం ఎక్కువగా ఉన్నది. గ్రీన్లాండు మంచులో ఇటీవలి పొరలలో పాత పొరలకంటే ఎన్నో రెట్లు ఉన్నది. 1965లో ఆయన ఈ విషయాన్ని నిర్భయంగా ప్రకటించాడు. పరిశ్రమ ఆగ్రహానికి గురై కొన్ని అవకాశాలు కోల్పోయాడు; వెనుకకు తగ్గలేదు.

తేనెపట్టు వంటి పరికరం

సీసాన్ని పెట్రోలునుండి తరిమినది కేవలం ఆరోగ్య చింతన కాదు. మరొక రసాయన సాధనం కూడా. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టాన్ని పాటించడానికి 1975 నమూనా కార్లనుండి అమెరికాలో పొగగొట్టంలో ఉత్ప్రేరక పరికరం, అనగా కేటలిటిక్ కన్వర్టరు, అమర్చసాగారు. లోపల పింగాణీతో చేసిన తేనెపట్టు వంటి దిమ్మ. దాని గదుల గోడలపై కొద్ది గ్రాముల ప్లాటినం, పలాడియం. తరువాతి సంవత్సరాలలో రోడియం చేరింది. విషవాయువైన కార్బన్ మోనాక్సైడు వీటి ఉపరితలంపై ఆక్సిజన్‌తో కలిసి బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు కాలిపోతాయి. రోడియం నైట్రోజన్ ఆక్సైడులను విడదీసి మామూలు నత్రజనిగా మారుస్తుంది. ఉత్ప్రేరకం తాను ఖర్చు కాదు. పెళ్ళిళ్ళ పేరయ్య వంటిది. జంటలను కలిపి తాను పక్కకు తప్పుకుంటుంది.

అయితే పెట్రోలులో సీసం ఉంటే అది ప్లాటినంపై పూత వలె పేరుకొని పరికరాన్ని పనికిరానిదిగా చేస్తుంది. కనుక సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయింది. పొరబాటున సీసపు పెట్రోలు పోయకుండా కొత్త కార్ల ట్యాంకు రంధ్రాన్ని, సీసం లేని పంపు ముక్కును సన్నగా చేశారు. ఫలితం రక్తంలోనే కనిపించింది. 1976-80 మధ్య అమెరికా ప్రజల రక్తంలో డెసిలీటరుకు సగటున 12.8 మైక్రోగ్రాములు ఉన్న సీసం, 1988-91 నాటికి 2.8కి దిగింది. 1996 జనవరి 1నుండి అమెరికా రోడ్లపై సీసపు పెట్రోలు నిషిద్ధమైంది.

భారతదేశంలో 1995లో నాలుగు మహానగరాలలో కొత్త కార్లకు ఈ పరికరం తప్పనిసరి అయింది. 2000 ఫిబ్రవరి 1నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. ప్రపంచంలో చివరగా అల్జీరియాలో 2021 జులైలో కార్లకు సీసపు పెట్రోలు అమ్మకం ముగిసింది. ఈ తేదీలు మనకు పరాయివి కావు. 1980లలో, 90లలో విజయవాడ బీసెంటు రోడ్డులోనో, హైదరాబాదు ఆబిడ్స్‌లోనో నాన్నగారి స్కూటరు ముందు నిలబడి, ఎదురుగాలిని కేరింతలతో పీల్చిన పిల్లలమే మనలో చాలామందిమి. మన ఇంటిలో కారు లేదు. అయినా కార్ల సీసం మన ఎముకలలో ఉంది. నేను చెప్పిన మూడవ మనిషి వేరెవరో కాదు, మనమే.

రేపటి కలల కారు

ఇప్పుడు కలల కారు అంటే మన పిల్లలు విద్యుత్తు కారు పేరు చెబుతున్నారు. పొగగొట్టమే లేని కారు నిజంగా గొప్ప ముందడుగు. అయినా మూడవ ప్రశ్న అడగడం మానరాదు. కొన్ని రకాల లిథియం బ్యాటరీలలో కోబాల్టు వాడుతారు. గనులనుండి వచ్చే ప్రపంచపు కోబాల్టులో సగానికి చాలా మించి కాంగో దేశానిది. అక్కడ చేతి పలుగులతో తవ్వేవారి కష్టాలు చిన్నవి కావు. కోబాల్టు అక్కరలేని ఇనుము, ఫాస్ఫేటు బ్యాటరీలు ఇప్పటికే విరివిగా వస్తున్నాయి. కొనేవారు అడిగితే ఇవి ఇంకా పెరుగుతాయి.

మరొక సంగతి టైరు. ఓజోనునుండి టైరును కాపాడే రసాయనాలు కలుపుతారని ముందే చెప్పాను. అందులో ప్రధానమైనది 6పీపీడీ. అది ఓజోనుతో చర్య జరిపి 6పీపీడీ క్వినోన్ అనే కొత్త పదార్థంగా మారుతుందని, అరిగిన టైరు పొడి ద్వారా వాననీటితో వాగులలో చేరి కోహో సాల్మన్ చేపలను గంటలలో చంపుతుందని వాషింగ్టన్ రాష్ట్రపు శాస్త్రజ్ఞులు 2020లో వెల్లడించారు. గుడ్లు పెట్టడానికి సముద్రంనుండి వాగులకు తిరిగివచ్చే ఆ చేపలు ఎందుకు చనిపోతున్నాయో తెలియక ఏళ్ళ తరబడి వెదికిన మీదట దొరికిన సమాధానమిది. టైరు పగలకుండా కాపాడిన మందే చేపకు మృత్యువైంది. మిడ్జ్లీ మందుకు, దీనికి ఒక భేదం ఉంది. అప్పుడు తెలిసి దాచారు. ఇప్పుడు తెలిసిన వెంటనే చెప్పారు, మారు మందుకై వెదుకుతున్నారు. శాస్త్రం పురోగమించిందనడానికి నాకు కొత్త మందులకంటె ఈ భేదమే పెద్ద సాక్ష్యం.

ఈసారి మన సమావేశంలో ఆ రెండు ప్రశ్నలు వచ్చినప్పుడు నా సమాధానం ఇది. నేను నడిపిన కార్లలో నికృష్టమైనది ఆ వంటింటి పళ్ళెం కారు కాదు. అది తుప్పు పట్టి నన్ను తడిపిందే కాని, దాని పొగగొట్టంలో తేనెపట్టు చక్కగా పనిచేసింది. పరాయివారికి అది పెద్దగా కీడు చేయలేదు. అందుకే దానిని గురించి చెప్పేటప్పుడు నాకు నవ్వు వస్తుంది, కోపం రాదు.